రాతిగుట్టకు చలి వచ్చింది

దీపావళి వెళ్ళింది. కార్తీకం నడుస్తోంది. జూబ్లీహిల్స్ బంగళాల్లో ఉన్ని శాలువాలు బీరువాలు దిగుతున్నాయి. ఆ గుట్ట వెనకే, ఫిలింనగర్ బస్తీలో రేకుల గదిలో వున్న పాలమూరు కుటుంబం చలికి ఎట్లా సిద్ధమవుతోందో చూడండి.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ముసలి అత్త. ఊళ్ళో రెండెకరాల చెలక. వానాకాలం జొన్న ఇల్లు చేరింది. యాసంగికి నీళ్ళు లేవు. బస్సెక్కారు. కృష్ణానది పారే జిల్లా రైతు ఇక్కడ సిమెంటు తట్ట మోస్తున్నాడు! పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన చేశారు, 2023లో మొదటి పంపు తిప్పారు. ఈ చెలక మాత్రం తడవలేదు. వీళ్ళకు చలికాలమంటే వలసకాలం.

అత్త పాత చీరెలు పరిచి బొంత కుడుతోంది. కోడలు రేకు సందుల్లో సిమెంటు సంచులు కుక్కుతోంది. రాత్రి రేకు చల్లబడితే లోపలి ఆవిరి చుక్కలై బొంత మీదే పడుతుంది. మంచు విడవకముందే ఇద్దరూ కృష్ణానగర్ అడ్డా మీద నిలబడాలి. పని దొరికితే ఆమెకు మొదటి పని గోడలకు నీళ్ళు కొట్టడం.

"ఎండల పని ఓర్సుకుంటం అన్నా. పొద్దుగాల్నె నీళ్ళల్ల చేతులు పెడితె పగిలి నెత్తురొస్తది" అంటుంది.

మార్గశిరాన మాట్లాడ పొద్దుండదంటారు. పొద్దు తగ్గినా మేస్త్రీ పని తగ్గించడు.

పక్కనే బంజారాహిల్స్‌లో 1976లో అన్నపూర్ణ స్టూడియో లేచింది. తర్వాత ఫిలింనగర్‌లో పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు లేచాయి. రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లు ఏ తెర మీదా పడలేదు.

పని సాగినన్నాళ్ళూ యజమాని కూలీలకు ఉచిత వసతి, వంటకూ స్నానానికీ వేరే చోటు చూపాలని 1996 నిర్మాణ కార్మికుల చట్టం రాసింది. 2025 నవంబరులో దాన్ని లేబర్ కోడ్‌లో కలిపేశారు. ఆ ముప్పయ్యేళ్ళలో ఈ రేకుల గదికి వచ్చిందేమిటి? ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. కాని రోజుకో మేస్త్రీ మారే అడ్డా కూలీకి ఆ 90 రోజులు ఎవరు రాసిస్తారు? ఈ ఇంట్లో ఇద్దరికీ కార్డు లేదు.

కార్యకర్తలారా! ఈ చలికాలం తెల్లవారుజామునే అడ్డాకు వెళ్ళండి. ఎవరు ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేశారో పుస్తకంలో రాయించండి, కార్డులకు దరఖాస్తు పెట్టించండి. ఒక్క జాగ్రత్త చెప్పండి: తలుపు మూసి కుంపటి పెట్టుకోవద్దు, పొగ కనపడకపోయినా బొగ్గుల విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బొంత ఆమే కుట్టుకుంటుంది. వసతీ, కార్డూ, చెలకకు నీళ్ళూ అందరం కూడితేనే వస్తాయి.