ఆఫియత్: కోరవలసిన వరం, కాపాడవలసిన అమానతు

మనకు దేహాన్నీ, ప్రాణాన్నీ, ఊపిరినీ ప్రసాదించిన అల్లాహ్‌కు స్తోత్రాలు. ఆయన అంతిమ సందేశహరులు ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

జుమా నమాజు ముగియగానే ఒక్కోసారి మస్జిదులో ఒక విన్నపం వినిపిస్తుంది. ఫలానా సోదరునికి గుండె ఆపరేషన్ జరగాలి, తోచిన సాయం చేయమని అడుగుతారు. గుమ్మం దగ్గర తుండుగుడ్డ పరుస్తారు. పదులు, వందలు దానిలో పడతాయి. ఆసుపత్రి బిల్లులో అది ఏ మూలకూ చాలదు. అప్పటికే ఆ ఇంటి ఇల్లాలి నగలు తాకట్టుకు వెళ్లి ఉంటాయి, వడ్డీకి అప్పు పుట్టి ఉంటుంది. తీరా విచారిస్తే, ఆ కుటుంబానికి ఆహార భద్రతా కార్డు ఉందనీ, ఆ చికిత్స ప్రభుత్వ పథకం కింద ఉచితంగా జరిగి ఉండేదనీ తెలిసే సందర్భాలు ఉన్నాయి. వేళకు ఆ మాట చెప్పేవారే వారికి లేకపోయారు.

వడ్డీకి దూరంగా ఉండాలని ఈ మింబర్ మీది నుండి మనం ఎన్నోసార్లు విన్నాం. కాని, వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కించే కారణాలలో అనారోగ్యం ఒకటన్న సంగతిని అంతగా ఆలోచించలేదు. నేడు దానిని ఆలోచిద్దాం.

ఆరోగ్యం అంటే ఏమిటి?

తెలుగులో ఆరోగ్యమనే మాటకు రోగం లేకపోవడమని అర్థం. 1946లో రూపొందిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం దీనిని మరింత విస్తరించింది. రోగం లేకపోవడమొక్కటే ఆరోగ్యం కాదనీ, దేహం, మనసు, సామాజిక జీవనం మూడూ క్షేమంగా ఉండటమే ఆరోగ్యమనీ అది నిర్వచించింది.

మన ధర్మం నేర్పిన మాట ‘ఆఫియత్’. దేహానికి రోగం నుండి, మనసుకు కలత నుండి, ధర్మానికి ఉపద్రవం నుండి రక్షణ లభించడం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. అల్లాహ్‌ను ఏమి వేడుకోవాలో నేర్పమని హజ్రత్ అబ్బాస్ (రజి) అడిగినప్పుడు, ఆఫియత్‌ను వేడుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. కొన్ని దినాల తరువాత ఆయన మళ్లీ అడిగితే, ఇహపరాలు రెండింటిలోనూ ఆఫియత్‌నే కోరుకోమన్నారు. ఈ ఉదంతం తిర్మిజీ గ్రంథంలో ఉంది. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారన్న ప్రవక్త (స) హెచ్చరికను బుఖారీ గ్రంథం నమోదు చేసింది.

కనుక ఒంట్లో జబ్బు నయమై, ఇంటి మీద అప్పు మిగిలితే ఆఫియత్ పూర్తి కాలేదన్నమాట. ఖర్చుకు భయపడి కొడుకుల ముందు నొప్పిని దాచుకునే తండ్రికి కూడా ఆఫియత్ లేదు.

ముందు జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధమా?

ఈ విషయంలో మనం రెండు ప్రశ్నలను కలిపేసుకుంటున్నాం. రేపటి రోగానికి నేడే ఏర్పాటు చేసుకోవడం దైవంపై నమ్మకానికి విరుద్ధమా అన్నది మొదటిది. ఆ ఏర్పాటుకు మనం ఎంచుకున్న ఒప్పందం ధర్మసమ్మతమా అన్నది రెండవది.

మొదటిదానికి జవాబు స్పష్టం. ఒంటెను కట్టి, ఆ పైన అల్లాహ్‌ను నమ్ముకోమని ప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై ‘సర్గ్’ అనే చోటికి చేరినప్పుడు, అక్కడ మహమ్మారి వ్యాపించిందని తెలిసింది. సంప్రదింపుల తరువాత ఆయన వెనుదిరిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నామన్నది ఉమర్ (రజి) జవాబు సారాంశం. జాగ్రత్త కూడా విధిలో భాగమేనని దీని వల్ల బోధపడుతోంది.

ఏ ఏర్పాటు ఎలాంటిది?

ఇక రెండవ ప్రశ్న. అన్ని ఏర్పాట్లూ ఒకటి కావు.

మొదటిది, ప్రభుత్వమిచ్చే ఉచిత వైద్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. తెలంగాణలో అదే పేరుతోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతోనూ నడుస్తోంది. తెలంగాణలో ఒక కుటుంబానికి ఏటా ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు భరిస్తుంది. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్లు నిండిన వృద్ధులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఇది వర్తిస్తోంది. వీటిలో లబ్ధిదారుడు పాలసీ కొనడు, ప్రీమియం చెల్లించడు. ప్రజాధనం నుండి అందే సహాయం గనుక అర్హులు నిస్సంకోచంగా స్వీకరించవచ్చు. అర్హత లేకుండా తప్పుడు పత్రాలతో పొందితే మాత్రం అది పేదవాని హక్కును కాజేయడమే.

రెండవది, చట్టం విధించిన ఏర్పాటు. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం పొందే కార్మికులకు, చట్టం వర్తించే సంస్థలలో, ఇ.ఎస్.ఐ. ఉంటుంది. కార్మికుని జీతం నుండి 0.75 శాతం, యజమాని నుండి 3.25 శాతం జమ అవుతుంది. ఇది మన ఇష్టంతో చేసుకున్న వ్యాపార ఒప్పందం కాదు. దాని వైద్య సేవను వినియోగించుకోవడానికి ఉలమాలు అనుమతించారు.

మూడవది, వ్యాపార సంస్థల నుండి స్వయంగా కొనే పాలసీ. భేదాభిప్రాయం ఇక్కడే ఉంది. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ 1985లో నిర్ణీత ప్రీమియంతో కూడిన వాణిజ్య బీమాను నిషిద్ధమని తీర్మానించింది. చెల్లించినదానికి ప్రతిఫలం ఏమిటో తెలియని అనిశ్చితి, అంటే ‘గరర్’, అందులో అధికంగా ఉండటమే కారణం. పరస్పర సహకారంపై నడిచే నిధిని అది ప్రత్యామ్నాయంగా చూపింది. తీవ్రమైన అవసరంలో సడలింపు ఉందన్న ఉలమాలు కూడా ఉన్నారు. కనుక మీ వయసు, రోగం, ఆదాయం ఉన్నదున్నట్లు వివరించి నమ్మకమైన ముఫ్తీని సంప్రదించండి. ఇతరుని పరిస్థితికి ఇచ్చిన ఫత్వాను మీకు అన్వయించుకోకండి.

ఏ దరఖాస్తులోనైనా ఉన్న రోగాన్ని దాచకండి. మోసగించేవాడు తమవాడు కాడని ప్రవక్త (స) హెచ్చరించారు. పైగా, దాచిన చక్కెర వ్యాధి బయటపడిన నాడు సంస్థ చెల్లింపును నిరాకరించవచ్చు.

మస్జిదు చేయగల పని

ప్రయాణంలోనో, ఊరిలోనో ఆహారం తరిగినప్పుడు అష్అరీ తెగవారు తమ వద్ద ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోగుచేసి సమానంగా పంచుకునేవారు. ప్రవక్త (స) వారిని మెచ్చుకున్నారు. మన తుండుగుడ్డకు మూలం అదే. అయితే వారు కలిసి పోగుచేసేవారు, మనం ఒక్కొక్కరి కోసం ఆపద ముంచుకొచ్చాక పరుస్తున్నాం. నెలనెలా కొద్దిపాటి సొమ్ముతో ఒక వైద్య సహాయ నిధిని ముందే ఏర్పరచుకుంటే ఏ సోదరుడూ గుమ్మం దగ్గర నిలబడి పేరు చెప్పించుకోవలసిన అగత్యం ఉండదు.

ఇందులో రెండు లెక్కలు వేరుగా ఉంచాలి. జకాత్ సొమ్ము ఖుర్ఆన్ పేర్కొన్న ఎనిమిది వర్గాలకే చెందుతుంది. నిరుపేద రోగులు, వైద్యానికి చేసిన అప్పు తీర్చలేనివారు వాటిలోకి వస్తారు. స్థితిమంతునికి అది చెల్లదు. స్వచ్ఛంద సదఖా సొమ్మును మాత్రం అందరి అవసరానికీ వినియోగించవచ్చు.

ధనం లేనివారు కూడా చేయగల సేవ ఒకటుంది. చదువుకున్న యువకులు ఇద్దరు జుమా తరువాత అరగంట కూర్చొని, మొహల్లాలో ఎవరికి కార్డు ఉంది, ఎవరికి లేదు, ఎవరి ఆధార్‌లో పేరు తప్పుగా ఉంది అన్నది చూడాలి. పథకంలో చేరిన ఆసుపత్రిలో ‘ఆరోగ్యమిత్ర’ ఉంటారనీ, డబ్బు కట్టకముందే వారిని కలవాలనీ, 104కు ఫోన్ చేయవచ్చనీ చెప్పాలి. పథకం అన్ని జబ్బులకూ వర్తించదనీ, జాబితాలోని చికిత్సలకే వర్తిస్తుందనీ కూడా తెలపాలి. సకాలంలో చెప్పిన ఒక్క మాట ఒక ఇంటిని వడ్డీ నుండి తప్పించవచ్చు.

సోదరులారా! నేడు ఇంటికి వెళ్లగానే తల్లిదండ్రుల పక్కన కూర్చోండి. ఎక్కడైనా నొప్పి ఉందా అని అడగండి. లేదని వెంటనే అంటే మరొకసారి అడగండి.

ఓ అల్లాహ్! మాకు ఇహపరాలలో ఆఫియత్ ప్రసాదించు. రోగులకు స్వస్థత చేకూర్చు. అప్పుల భారాన్ని తొలగించు. ఒకరికొకరు ఆసరాగా నిలిచే భాగ్యాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్.