మీకు తెలుసా? పిజ్జా వాసన సీసాలోనికెక్కినది!

పుష్పములును, చందనమును, కస్తూరియును మాత్రమే అత్తరునకు తగినవని తరతరములుగా నమ్మిన లోకములో, అప్పుడే పొయ్యి దిగిన భోజ్యముల వాసనను సీసాలలో నింపి యిచ్చు వింత యొకటి ఇటీవలి కాలమున తలయెత్తినది. 2008లో అమెరికాలో బర్గర్ కింగ్ సంస్థ, నిప్పుసెగపై కాలిన మాంసపు వాసన లీలగా తోచు 'ఫ్లేమ్' అను పురుషుల సుగంధద్రవ్యమును 3.99 డాలర్లకు అమ్మినది. 2012లో కెనడా పిజ్జా హట్ వారు తాజా పిండి వాసనను తలపించు పరిమళమును 110 సీసాలు మాత్రమే చేయించి అభిమానులకు పంచిపెట్టిరి.

ఇవి ప్రచారార్థమై పుట్టినవే యైనను, వీని వెనుకనున్న రసాయనశాస్త్రము మిక్కిలి గంభీరమైనది. 1992లో వెలువడిన తియెరీ మ్యూగ్లర్ సంస్థవారి 'ఏంజెల్' అను అత్తరులో, ఇథైల్ మాల్టాల్ అను పదార్థమును ధారాళముగా వాడి, మట్టివాసన గల పచౌలి తైలముతో జోడింపగా, తిరునాళ్ళలో పిల్లలు చప్పరించు పీచుమిఠాయి పరిమళము నాగరిక స్త్రీల అలంకారమై, తినుబండారపు సుగంధముల కొక ప్రత్యేకశాఖనే నెలకొల్పినది.

అంతకన్న విస్మయము గొలుపునది మరియొకటి కలదు: కాల్చిన రొట్టె పైపొర కమ్మదనమునకును, బాస్మతి అన్నము ఉడుకునప్పుడు ఇల్లెల్ల నిండు ఘుమఘుమకును ముఖ్యకారణము 2-అసిటైల్-1-పైరోలిన్ అను ఒకే అణువు, అది గాలిలో అత్యల్పముగ నున్నను మన ముక్కు పసిగట్టగలదు గాని, నిలువయుంచిన కొలదిని చెడిపోవు స్వభావము దానిది గనుక, ఆ కమ్మదనమును చిరకాలము సీసాలో బంధించుట సుగంధకారులకు నేటికిని కష్టసాధ్యమే.