వెదురు కణజాల వర్ధనంలో సూక్ష్మజీవుల కాలుష్య నివారణ

వెదురు మొక్క నుండి తీసిన చిన్న భాగాన్ని గాజుపాత్రలో పోషక యానకంపై పెంచి, అనేక మొక్కలను ఉత్పత్తి చేసే పద్ధతిని వెదురు కణజాల వర్ధనం అంటారు. బాక్టీరియా, శిలీంధ్రాల వలన కలిగే కాలుష్యం ఈ పద్ధతికి ప్రధాన అవరోధం.

నేపథ్యం

ముళ్ళ వెదురు వంటి జాతులు కొన్ని దశాబ్దాలకు ఒక్కసారి మాత్రమే పుష్పించి, విత్తనాలు రాలిన పిదప చనిపోతాయి. కావున విత్తనాలు కోరినప్పుడు లభించవు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హెచ్.వై.మోహన్‌రామ్ బృందం 1982లో వెదురు విత్తన పిండాల నుండి కణజాల వర్ధనం ద్వారా మొక్కలను సృష్టించింది. అయితే ఎదిగిన మేలైన మొక్క గుణాలను యథాతథంగా పొందాలంటే దాని కణుపు మొగ్గలనే వాడాలి. కాలుష్య సమస్య ఎక్కువగా ఇక్కడే ఎదురవుతుంది.

కారణాలు

తెలుగు రాష్ట్రాల అడవులలో విస్తారంగా పెరిగే డెండ్రోకాలమస్ స్ట్రిక్టస్ వంటి వెదుళ్ళలో కణుపు మొగ్గలను తొడుగులు కప్పి ఉంటాయి. వాటి క్రింద ధూళి, తేమ, శిలీంధ్ర బీజాలు చేరుతాయి. కొన్ని బాక్టీరియాలు కణజాలం లోపలనే నివసిస్తాయి. యానకంలో లీటరుకు సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. దానిని ఆహారంగా గ్రహించి సూక్ష్మజీవులు మొక్క కన్నా ఎంతో వేగంగా పెరుగుతాయి.

నివారణ పద్ధతులు

తల్లి మొక్కలను నీడలో, ఆకులు తడవకుండా మొదట్లోనే నీరు పెట్టి పెంచడం మంచిది. హైదరాబాదు వంటి చోట్ల జూన్ - సెప్టెంబరు మధ్య గాలిలో తేమ అధికం. కాబట్టి పొడి కాలంలో సేకరించిన కణుపులు శ్రేయస్కరం.

తొడుగులు తొలగించిన కణుపులను డిటర్జెంటుతో, పారే నీటితో కడుగుతారు. పిదప 70 శాతం ఆల్కహాలులో అర నిమిషం నుండి ఒక నిమిషం వరకు, 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడులో 5 నుండి 10 నిమిషాలు ఉంచి, శుద్ధజలంతో పలుమార్లు కడుగుతారు. సమయం తగ్గితే సూక్ష్మజీవులు మిగులుతాయి, మించితే మొగ్గ చనిపోతుంది. మెర్క్యురిక్ క్లోరైడు తీవ్రమైన విషం. దీని వ్యర్థాలను కాలువలలో పారబోయరాదు. సోడియం హైపోక్లోరైట్ దీనికి ప్రత్యామ్నాయం.

యానకాన్ని ఆటోక్లేవులో 121 డిగ్రీల సెంటిగ్రేడ్ వద్ద 15 నుండి 20 నిమిషాలు ఉంచి శుద్ధి చేస్తారు. మొగ్గలను నాటే పనిని లామినార్ వాయుప్రవాహ పీఠంపై, మంటలో కాల్చిన పరికరాలతో చేస్తారు.

అంతర్గత బాక్టీరియా

బూజు సాధారణంగా కొద్ది రోజులలోనే కంటికి కనిపిస్తుంది. కణజాలం లోపలి బాక్టీరియాను ఉపరితల శుద్ధి తాకలేదు. అది వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి దాగి ఉండి, పిలకలను విడదీసి నాటిన ప్రతిసారీ కొత్త పాత్రలకు వ్యాపిస్తుంది. యాంటీబయాటిక్‌లు చాలాసార్లు దానిని అణచి ఉంచుతాయే గాని నిర్మూలించవు. కావున సంఖ్య పెంచడానికి ముందే ప్రతి వర్ధనం నుండి చిన్న ముక్కను బాక్టీరియా పెరిగే యానకంపై ఉంచి పరీక్షించడం అవసరం. కలుషితమైన పాత్రలను మూత తీయకుండా ఆటోక్లేవు చేసిన పిదపనే పారవేయాలి.