బ్యాటరీకి కావలి: ఛార్జి కంట్రోలరు

అడవిపందుల బాధకు సౌరకంచె వేసికొన్నవారును, పొలములోని పాకయందు రాత్రి దీపమునకై సౌరఫలకము నిలుపుకొన్నవారును మన కర్షకులలో పలువురు గలరు. వీరిలో కొందరు చేయుచున్న పని యొకటి మానవలసియున్నది. నడిరేయి దీపమారగానే “పెట్టె చెడినది” అని తలచి, నడుమనున్న ఛార్జి కంట్రోలరును విడిచి, దీపపు తీగను నేరుగా బ్యాటరీకే తగిలించుచున్నారు. ఆ రాత్రికి దీపము వెలుగును. ఇట్లు కొన్ని మారులు జరిగినచో బ్యాటరీయే పనికిరాకుండ పోవును. చిన్న పెట్టె వందల రూపాయలకు దొరకును. బ్యాటరీకి వేలు పోయవలెను.

ఆ పెట్టె చేయు పని తెలిసినచో ఈ భ్రమ కలుగదు. 12 వోల్టుల బ్యాటరీకని అమ్మెడు ఫలకము పేరునకే 12 వోల్టులది. మంచి యెండలో, తీగలను దేనికిని కలుపక కొలిచినచో 21 వోల్టుల వరకు చూపును. సీసపు బ్యాటరీ నిండునపుడు సుమారు 14.4 వోల్టులకు మించరాదు. మించినచో లోపలి నీరు ఉదజనిగను ప్రాణవాయువుగను విడిపోయి వెలుపలికి పోవును. సీసపు రేకులు చివికిపోవును. మడి నిండగానే రైతు బోదెకు అడ్డుకట్ట వేయునట్లు, కంట్రోలరు ప్రవాహమును తగ్గించి, పిమ్మట సుమారు 13.6 వోల్టులయొద్ద సన్నని ధారగా మాత్రమే విడుచును. రాత్రివేళ బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు ఫలకములోనికి పారకుండ గూడ నాపును.

రెండవ పని యింకను ముఖ్యము. వాడిన కొలదియు రేకులపై సీసగంధకితమను పొర యేర్పడును. వెంటనే తిరిగి నింపినచో నది తొలగును. బ్యాటరీని అడుగంటనిచ్చి దినములకొలది విడిచినచో గట్టిపడి, పిదప ఎంత యెండ కాచినను వదలదు. అందుచేతనే సుమారు 11 వోల్టులకు దిగగానే కంట్రోలరు దీపమును తానే ఆర్పివేయును. మరునా డెండ వచ్చి బ్యాటరీ కొంత నిండిన పిదప మరల వెలుగనిచ్చును. మాటిమాటికి ఆరుచున్నచో ఫలకముపై దుమ్మున్నదా, చెట్టునీడ పడుచున్నదా, దీపములు హెచ్చినవా, బ్యాటరీ ముదిసినదా యని చూడవలెను గాని పెట్టెను తప్పించరాదు. బ్యాటరీ చచ్చిన కంచెను పంది యిట్టే కనిపెట్టును.

100 వాట్ల ఫలకమునకు 10 ఆంపియర్ల కంట్రోలరు చాలును. మన వేసవికి, వేడినిబట్టి వోల్టులు తగ్గించుకొను రకము మేలు. లిథియము బ్యాటరీకి సీసపు బ్యాటరీ కొలతలు చెల్లవు గనుక ఆ సంగతి దుకాణములోనే అడుగవలెను. సౌరపంపు మాత్రమే కలవారికి సామాన్యముగా ఈ చింత లేదు. తొట్టిలోని నీరే వారి నిలువ.

బిగించునపుడు ముందు బ్యాటరీ తీగలు, పిమ్మట ఫలకపు తీగలు, తుదకు దీపపు తీగలు కలుపవలెను. విప్పునపుడు తుదనుండి మొదటికి రావలెను. మూతలు విప్పి పోయు రకమైనచో డిస్టిల్డు వాటరునే పోయవలెను, బావినీరు కూడదు. ఆ సమయమున చుట్టగాని బీడీగాని దగ్గరకు రానీయరాదు. ఉదజని భగ్గున మండును.