అడుగున పడిన మాట

ఈ వారం మన ఆఫీసుల్లో రాసే ప్రోగ్రెస్ రిపోర్టులు, ప్రపోజల్స్ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పని బ్రహ్మాండంగా చేసి, దాని గురించి రాయమంటే తడబడేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. "ఇదీ ఒక విషయమేనా?" అంటారేమో, వినండి.

2003 జనవరిలో కొలంబియా నౌక బయలుదేరినప్పుడు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను అంచనా వేసి, పైవాళ్ళకు స్లైడ్లు చూపించారు. అందులో ఒకదాని శీర్షిక భరోసా ఇచ్చేలా ఉంది. తగిలిన ముక్క పరీక్షల్లో వాడినదానికన్నా 640 రెట్లు పెద్దదని తెలిపే అంకెలు మాత్రం అట్టడుగు వరుసలో ఉన్నాయి. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మనకు దూరమయ్యారు. ఆగస్టులో వచ్చిన దర్యాప్తు నివేదిక ఆ స్లైడును ప్రత్యేకంగా తప్పుపట్టింది. ప్రమాదానికి స్లైడే కారణమని నేను అనను. కానీ అసలు మాట అడుగున పడితే పైవాళ్ళ కంటికి ఆనదు.

మన సంగతి అంత పెద్దది కాకపోవచ్చు. అయినా హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే, మరో దారి చూసుకోవడానికి సాధారణంగా దొరికేది గరిష్ఠంగా 60 రోజులే. మన మొహం ఎరగని పెద్ద మేనేజరుకు మన పని తెలిసేది రిపోర్టు ద్వారానే కదా!

"టెస్టింగ్ సాగుతోంది, సర్వర్లతో చిన్న ఇబ్బంది ఉంది, చూస్తున్నాం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "విడుదల 2 వారాలు ఆలస్యం కావచ్చు. ఈ శుక్రవారంలోగా రెండో సర్వరు ఇస్తే సకాలంలో పూర్తి చేస్తాం" అని చూడండి. ప్రమాదం, కావలసినది, గడువు మూడూ వచ్చేశాయి. అయిన పని, మిగిలిన పని ఆ తర్వాత రాయండి. చెడు వార్త దాచకండి. ముందే చెబితే అది హెచ్చరిక, తర్వాత చెబితే సంజాయిషీ.

ప్రపోజల్ అయితే మనకేం కావాలో దానితో కాదు, చదివేవారి ఇబ్బందితో మొదలుపెట్టండి. ఖర్చెంత, లాభమెంత, ఒప్పుకోకపోతే ఏమవుతుంది, ఇంకో మార్గం ఎందుకు కుదరదు, ఇవన్నీ వాళ్ళు అడగకముందే చెప్పాలి. చివర ఒక్కటే కోరిక ఉండాలి. మూడు అడిగితే మూడూ వాయిదా పడతాయి.

ఈసారి రిపోర్టు పంపేముందు మొదటి రెండు వాక్యాలు తప్ప మిగతాదంతా చేత్తో మూసి చదవండి. విషయం అర్థమైతే పంపించేయండి, లేకపోతే అడుగున ఉన్న మాటను పైకి తీసుకురండి. మరి ఉంటానండీ, సెలవు.