పొట్లంలో ఏముందో అడిగి తీసుకుంటున్నారా?

అల్మాస్ అంటే ఉర్దూలో వజ్రం. ఆ పేరు పెట్టుకున్న అల్మాస్‌గూడలో సాయంత్రం ఆరు దాటిందంటే జనం గుమిగూడేది మాత్రం జొన్న రొట్టెల పెనం దగ్గర. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో పని ముగించుకొని మీర్‌పేట, బడంగ్‌పేట, అల్మాస్‌గూడ కాలనీలకు చేరేవారు దారిలో ఆగి నాలుగు రొట్టెలు, ఒక పప్పు పొట్లం, ఒక ఆకుకూర పొట్లం కట్టించుకొని ఇంటికి వెళ్తారు. హోటల్లో కూర్చుని తినే ఖర్చులో సగం కూడా కాదు. కొన్ని దుకాణాలు కర్రీ పాయింట్ అనే పాత బోర్డుకే ‘మిల్లెట్’, ‘నూనె తక్కువ’ అన్న మాటలు చేర్చుకున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తర్వాత ఆ మాటకు గిరాకీ మరీ పెరిగింది.

మన కుటుంబాల్లో కొందరు పెద్దలు దీన్ని చూసి, ‘ఈ కాలం కోడళ్లకు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదు’ అని తేల్చేస్తారు. ఇది న్యాయమైన మాట కాదు. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే బస్సు పట్టుకొని రాత్రి ఏడు గంటలకు ఇల్లు చేరే సంసారంలో ముసలి అత్తగారికి వేళకు నాలుగు ముద్దలు అందాలి కదా! అందులోనూ ఆమెకు చక్కెర జబ్బు ఉంటే ఆ వేళ ఇంకా ముఖ్యం. మాత్ర వేసుకొని భోజనం ఆలస్యమైతే ఏమవుతుందో ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం దేశంలో చక్కెర జబ్బు ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. ఈ కాలనీల్లో రొట్టెల కోసం నిలబడేవారిని పలకరిస్తే ఎక్కువమంది నోట వచ్చే మాట కూడా అదే: ‘ఇంట్లో షుగర్ ఉన్నది.’

కొనేవారి అనుభవాలు ఒక్క తీరుగా లేవు. ఒక సోదరి చెప్పిన మాట: ఆమె మామగారు రాత్రిపూట అన్నం మానేసి రొట్టె, పప్పు తినడం మొదలుపెట్టాక ఇంట్లో రోజూ జరిగే వాదన ఆగిపోయిందట. ఒక ఆటో సోదరుడికి తృప్తి వేరే విషయంలో. మధ్యాహ్నం ఇక్కడి పప్పు, రొట్టె తింటే సాయంత్రం దాకా కునుకు రాదంటాడు. ఇంకొక ఇల్లాలి ఫిర్యాదు: మొదటి నెల రుచిగా ఉన్న పాలకూర పప్పులో తర్వాత తర్వాత పాలకూర వెతుక్కోవలసి వచ్చింది, ఉప్పు మాత్రం పెరిగింది. కూరగాయల ధర పెరిగినప్పుడు చౌక దుకాణం ముందుగా తగ్గించేది కూరగాయనే.

అందరిలోకీ నాకు నచ్చినది ఒక వృద్ధుడి అనుభవం. ఆయన రొట్టె కొట్టే ఆమెను, ‘బిడ్డా, దీంట్ల గోధుమ పిండి ఏమన్న కలుపుతున్నవా?’ అని అడిగాడు. ఆమె దాచలేదు. ‘పావు వంతు కలుపుతం చాచా. లేకుంటే పొట్లం కట్టంగనే ఇరుగుతది’ అంది. ఆయన కాసేపు ఆలోచించి, మూడు తీసుకునేవాడు రెండే తీసుకున్నాడు. మర్నాడు మళ్లీ అక్కడికే వచ్చాడు. నిజం చెప్పిన చోటును ఆయన ఎందుకు వదులుకుంటాడు?

ఆమె చెప్పిన కారణం సరైనదే. గోధుమల్లో ఉండే జిగురు జొన్నల్లో ఉండదు. అందుకే పిండిని వేడినీళ్లతో పిసికి, అరచేత్తో కొట్టి రొట్టె చేస్తారు. చల్లారితే అది గట్టిపడుతుంది, వంచితే విరుగుతుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా రుమాలులా మడత పడుతున్న ‘జొన్న రొట్టె’లో ఏదో కలిసిందని అర్థం చేసుకోవచ్చు. గోధుమ విషం కాదు, కలపడం నేరమూ కాదు. కలిపి కూడా ‘అచ్చమైన జొన్న’ అని బోర్డు కట్టడమే తప్పు. గోధుమ పడని రోగి ఆ బోర్డును నమ్మి తింటే జబ్బు పడతాడు కూడా.

జొన్న రొట్టె మనకు కొత్త వంటకమేమీ కాదు. దక్కన్ ముస్లింల ఇళ్లలో జవారీ కీ రోటీ, అంబాడే కీ భాజీ అంటే ఎంత ఇష్టమో నానీలు, దాదీలు ఉన్న ఇళ్లకు తెలుసు. అంబాడా అంటే మన గోంగూరే. మధ్యలో కొన్ని దశాబ్దాలు తెల్లబియ్యమే పెద్దరికమనుకొని దాన్ని పక్కన పెట్టాం, ఇప్పుడు డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకుంటున్నాం.

అయితే ఇక్కడ ఒక భ్రమ పెరుగుతోంది. జొన్న కదా, ఎన్ని తిన్నా ఫర్వాలేదు అనుకుంటున్నారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలు చూడండి. 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపు. ఇది జొన్నకున్న గొప్ప. కానీ పిండిపదార్థం బియ్యంలో 78 గ్రాములైతే జొన్నల్లో 68. తేడా అంతే! ఐదు రొట్టెలు తిని, పప్పు రెండు చెంచాలతో సరిపెట్టుకుంటే చక్కెర తగ్గమన్నా తగ్గదు. అదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు మొత్తం ఆహార శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. అంటే రెండు రొట్టెలకు రెండు పొట్లాల కూర, పప్పు కొనాలన్నమాట. మనం చేసేది దీనికి తిరగేసి.

ఇక నూనె సంగతి. మాంసం కూర కొనేటప్పుడు మన సోదరుడు ఎంత మొహమాటస్తుడైనా ‘హలాలేనా భాయ్?’ అని అడగకుండా కొనడు. అడగవలసిందే. కానీ అదే నోటితో ‘ఈ నూనె ఎప్పటిది?’ అని ఎంతమంది అడుగుతున్నారు? ఖుర్ఆన్ ఆహారం గురించి చెప్పేటప్పుడు హలాల్ అన్న మాటకు జతగా తయ్యిబ్ అనే మాట వాడింది. పరిశుభ్రమైనది, మేలైనది అని దానికి అర్థం. మొదటి మాట మనకు కంఠస్థమైంది, రెండో మాట పొట్లం కట్టే చోట గుర్తుకు రావడం లేదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది: వేపుడు నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని ఇక వాడకూడదు. మన చేతిలో కొలిచే పరికరం ఉండదు నిజమే. నూనె నల్లబడటం, నురగ కట్టడం, వెంటనే పొగ రావడం, ముక్క వాసన వేయడం మాత్రం కళ్లకూ ముక్కుకూ తెలుస్తాయి. వార్తాపత్రికలో రొట్టె చుట్టి ఇవ్వడాన్ని కూడా ఆ సంస్థ వద్దన్నది. సిరాలో ఉండేవి తినదగ్గవి కావు. పలుచని ప్లాస్టిక్ కవర్లో పొగలు కక్కే పప్పు పోయించుకోవడం కంటే సంచిలో ఒక స్టీలు డబ్బా వేసుకువెళ్లడం ఏమంత భారం? లైసెన్సు ఉన్న దుకాణంలో 14 అంకెల నంబరు కనిపించాలి, అదీ ఒకసారి చూడవచ్చు.

హదీసులో బజారు సంఘటన ఒకటి ఉంది. ప్రవక్త (స) ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. కొనేవాడు చేయి పెట్టి చూస్తే మర్యాద తక్కువ అనుకునేవారు ఈ సంఘటనను తలచుకోవాలి.

చౌక అన్నప్పుడు 5 రూపాయల భోజనం ప్రస్తావన రాక తప్పదు. హైదరాబాద్ నగరపాలక సంస్థ 2014 మార్చిలో హరేకృష్ణ మూవ్‌మెంట్ సంస్థతో కలిసి దాన్ని ప్రారంభించింది. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, 5 రూపాయలకే పలహారం కూడా చేర్చారు. అందులో మిల్లెట్ ఇడ్లీ, ఉప్మా ఉన్నాయి. పూర్తి శాకాహారం కనుక మన కూలి సోదరులు శంక లేకుండా తినవచ్చు. అక్కడ మిగతా ఖర్చు నగరపాలక సంస్థ భరిస్తుంది. అల్మాస్‌గూడ రోడ్డు పక్క దుకాణానికి ఆ అండ లేదు. గ్యాసు, అద్దె, పిండి, రొట్టె కొట్టే ఇద్దరు స్త్రీల కూలి, అన్నీ ఆ కొద్ది రూపాయల్లోంచే రావాలి. అందుకే అన్నింటికంటే చౌకగా ఇచ్చే చోట ముందుగా నూనె రంగు చూడమంటున్నాను.

ఆ వృద్ధుడి ప్రశ్న తర్వాత అక్కడ ఇంకో మార్పు కూడా వచ్చింది. ఆమె ఇప్పుడు రెండు రకాల పిండి కలుపుతోంది. అచ్చమైన జొన్న రొట్టె కావాలన్నవారికి అప్పటికప్పుడు కొట్టి ఇస్తుంది. దానికి కాస్త ఎక్కువ తీసుకుంటుంది, పది నిమిషాలు ఆగమంటుంది. మగ్రిబ్ తర్వాత వెళ్తే ఆ వరుసలో నిలబడినవారు కనిపిస్తారు.