ఆకాశంలో ప్రయోగం... నేలమీద పాఠం!

బెల్లంపల్లిలో ఎవర్నడిగినా చెబుతారు, కొత్తగా కొలువొచ్చినవాణ్ని నేరుగా బొగ్గుబాయిలోకి దించరని. ముందు ట్రైనింగ్, తరువాతే తలకి లైటు. మరి భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున ఆరునెలలు ఉండాల్సినవాళ్ల సంగతో?

రాజాచారినే తీసుకోండి. తండ్రిది హైదరాబాద్. రాజా యుద్ధవిమాన పైలట్. 2017లో నాసా ఎంపిక చేశాక రెండేళ్లపాటు మళ్లీ విద్యార్థే. రష్యన్ భాష, రోబో చేతిని నడపడం, నీటికొలనులో స్పేస్‌వాక్ సాధన... అన్నీ నేర్చుకున్నాడు. 2021 నవంబరులో వెళ్లి 177 రోజులు అంతరిక్షంలో గడిపాడు.

అక్కడ వాళ్లు చేసే ప్రయోగాలు చాలావరకూ సొంతవి కావు. ఏళ్లతరబడి కష్టపడిన శాస్త్రవేత్త కిందే ఉంటాడు, చేతులు మాత్రం వీళ్లవి. చెయ్యి జారితే ఆయన శ్రమంతా వృథా! అందుకే హ్యూస్టన్‌లో నమూనా గదులు కట్టి మరీ సాధన చేయిస్తారు. తమ రక్తం తామే తీసుకోవడం, స్కానింగ్ చేసుకోవడం కూడా నేర్పుతారు. చాలా పరీక్షలు వాళ్లమీదే మరి.

చిక్కేంటంటే, ఇక్కడ నేర్చుకున్నది ఎన్నో నెలల తరువాత చేయాలి. మరచిపోరూ? అందుకే వీడియోలు, వరసగా రాసిన సూచనలు ఉంటాయి. అలబామాలోని హంట్స్‌విల్ నుంచి నిపుణులు మాటసాయం చేస్తారు. అంగారకుడి దగ్గరికెళితే అదీ కష్టమే. మాట చేరడానికే ఒక్కోసారి 20 నిమిషాలు దాటుతుంది.

రాజా వెళ్లిన నెలలోనే అక్కడ పండించిన మిరప రెండో కోతకొచ్చింది. రెండు కోతలకీ కలిపి 26 కాయలు. కొన్ని తిన్నారు, కొన్ని పరీక్షలకోసం కిందికి పంపారు. తిన్నవాళ్లు రుచెలా ఉందో, కారమెంతో రాసివ్వాలి. అదీ డ్యూటీయే!